చలిలో ఉన్న ముగ్గురు

నా కుడిచేతి బొటనవేలు చేసిన పనొకటి నాలుగేళ్ళుగా మోస్తున్నాను. రోజంతా ఫోన్ తోసేది ఆ వేలే. ఇప్పుడిది రాస్తున్నదీ ఆ వేలే. బస్సులో, ఆఫీసు లిఫ్టులో, చివరికి అన్నం దగ్గర కూడా అది స్క్రీన్ మీదే ఉంటుంది. ఒక్కోసారి మాత్రం ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఏదో యాప్ "ఖాయమేనా?" అని అడుగుతుంది. అవును, కాదు అని రెండు గళ్ళు వస్తాయి. నేను రద్దు చేస్తున్నది ఒక చుడీదార్ ఆర్డరే. అయినా వేలు కదలదు.

మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు చెప్పను. ఇందులో ఉన్నవాళ్ళ పేర్లు మార్చాను. చదివాక మీరు నన్ను ఊరడిస్తారేమోనని కూడా భయంగా ఉంది. వద్దు. ఊరడింపు నాకు ఇప్పటికే ఒకసారి దొరికింది, దొరక్కూడని మనిషి దగ్గర. ఆ సంగతికి వస్తాను. నేరుగా రాలేను, కాస్త ఓపిక పట్టండి.

నేను పుట్టి పెరిగింది హైదరాబాదులో. సునీతక్క మా పెదనాన్న కూతురు. వాళ్ళది బందరు. ఎండాకాలం సెలవులు ఇవ్వగానే అమ్మానాన్నలు ఉద్యోగాలు చూసుకోవాలి కాబట్టి నన్ను బందరు పంపేసేవాళ్ళు. రైలు గుడివాడ దాటిందంటే నేనిక సీట్లో కూర్చునేదాన్ని కాదు, తలుపు దగ్గర నిలబడేదాన్ని. స్టేషన్‌కి అక్క సైకిలేసుకుని వచ్చేది. నాకంటే పదేళ్ళు పెద్దది. నన్ను చూడగానే చుట్టూ ఉన్నవాళ్ళకి వినపడేలా "దిగింది మా సీమటపాకాయ్" అనేది. నన్ను వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని కోనేరు సెంటర్ రద్దీలో తొక్కుతూ, "కాళ్ళు బయటికి చాపవే, చక్రంలో పెట్టావంటే పాదం బజ్జీ అయిపోద్ది" అని దారి పొడుగునా అరుస్తూనే ఉండేది.

నాకు చిన్నప్పటినుంచీ కోపం. అన్నం వేడిగా ఉన్నా కోపమే, చల్లారినా కోపమే. ఇంట్లో అందరూ నా కోపానికి భయపడేవాళ్ళు, లేకపోతే నవ్వేవాళ్ళు. అక్క ఈ రెండూ చేసేది కాదు. నా కోపం చల్లారేదాకా పక్కనే కూర్చుని తన పని తను చేసుకునేది. మధ్యాహ్నం ఎండ మండిపోతుంటే కిటికీకి తడి దుప్పటి కట్టి, గచ్చు మీద నీళ్ళు చల్లి, ఆ చల్లదనంలో నన్ను పడుకోబెట్టి, ఆదివారం గుళ్ళో పాడాల్సిన యేసు పాటలు మెల్లిగా సాధన చేసుకునేది. ఆ తడి గచ్చు వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఏసీ గదిలో ఎంత వెతికినా అది దొరకదు.

ముంజలు తినడం నేర్పింది కూడా అక్కే. కత్తితో తీసినవి కాదు, తాటికాయ పైన చెక్కి ఇస్తే కన్నులో బొటనవేలు పొడిచి తినడం. నేను కసిగా పొడిచేదాన్ని. నీళ్ళు మొహాన కొట్టేవి, గౌను పాడయ్యేది, కాయ విసిరికొట్టేదాన్ని. అక్క ఆ కాయే తెచ్చి మళ్ళీ చేతిలో పెట్టేది.

"కాయకేం తెలుసే నీ కోపం? ముందు తడిమి చూడు. మెత్తగా తగిలిన చోట ఆగు. ఆగాక నొక్కు."

ఆగాక నొక్కు. అంత తేలిక మాట.

అక్కకి నాగాయలంక సంబంధం కుదిరింది. బావకి రొయ్యల చెరువులు. మంచివాడు, ఎప్పుడూ బురద కాళ్ళతో, ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళంతో ఉంటాడు. అత్తగారు ఊళ్ళో చర్చి సంఘంలో ఆడవాళ్ళ బృందం, స్త్రీల మైత్రిని నడిపే మనిషి. నేను కూడా ఆవిణ్ణి అత్తయ్యగారనే పిలుస్తాను. ఎవరింట్లో జబ్బు చేసినా, ఎవరి చెరువుకి వైరస్ తగిలినా ఆవిడ బైబిలు సంచీ భుజానేసుకుని వెళ్ళి ప్రార్థన చేసి వచ్చేవారు. అక్కకి ఏళ్ళు గడిచినా పిల్లలు కలగలేదు. ఒక్కమాట చెప్పాలి, ఆవిడ అక్కని ఎప్పుడూ ఎత్తిపొడవలేదు. ఇది నేను మర్చిపోవాలని చాలా ప్రయత్నించాను. ఆవిడ రాక్షసి అయి ఉంటే నా కథ నాకు సులువుగా ఉండేది.

చివరికి అక్కా బావా విజయవాడలో ఒక ఆసుపత్రికి వెళ్ళారు. టెస్ట్‌ట్యూబ్ బేబీ. ఆసుపత్రి వాళ్ళు ఫోన్ నంబర్ అడిగితే అక్క నా నంబర్ ఇచ్చింది. మీకు వింతగా ఉండొచ్చు, కానీ ఆ ఇంట్లో ఫోన్ ఒక మనిషిది కాదు. బావ ఫోన్ చెరువు గట్టు మీద పనివాళ్ళ చేతుల్లో ఉంటుంది, మేత కంపెనీ వాళ్ళు చేస్తే ఎవరు దగ్గరుంటే వాళ్ళు ఎత్తుతారు. అక్క ఫోన్‌లో అత్తయ్యగారు సంఘం గ్రూపు పాటలు వింటారు. "నీ ఫోన్ ఎప్పుడూ నీ చేతిలోనే చస్తది కదే, నీకైతే ఎవరూ చూడరు" అంది అక్క. అప్పటికి ఈ సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు. అలా ఆసుపత్రి మెసేజులన్నీ అక్క పేరుతో నా ఫోన్‌కి వచ్చేవి. ఓటీపీలు కూడా.

నాకు గర్వంగా ఉండేది. చిన్నప్పుడు సైకిల్ మీద వెనక కూర్చున్నదాన్ని, ఇప్పుడు అక్క రహస్యానికి తాళంచెవి నా దగ్గరుంది.

పిండాలు తయారైన రోజు ఫోటో కూడా నాకే వచ్చింది. నాలుగు. బూడిదరంగులో నాలుగు గుండ్రటి చుక్కలు. ల్యాబు వాళ్ళని వదిలేస్తే ప్రపంచంలో అందరికంటే ముందు, వాటి తల్లికంటే కూడా ముందు, వాటిని చూసింది నేను. ఆఫీసు ఫోన్‌తో వీడియో కాల్ చేసి, నా ఫోన్ కెమెరా ముందు పెట్టి అక్కకి చూపించాను. అక్క పెరట్లో గిన్నెలు తోముతోంది. చేతులు కొంగుకి తుడుచుకుని మొహం దగ్గరగా పెట్టింది.

"ఇంతేనా? సగ్గుబియ్యంలా ఉన్నారేంటే!"

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు అంత బాగా మళ్ళీ ఎప్పుడూ నవ్వలేదనిపిస్తుంది.

నాలుగింటిలో ఒకదాన్ని అక్క కడుపులో పెట్టారు. మూడింటిని గడ్డకట్టించి దాచారు. ఆ ఒకటి హన్నా అయింది. హన్నా పుట్టిన రోజు అక్కకి రక్తం ఆగలేదు. ఆసుపత్రి వరండాలో బావ గోడకి నుదురు ఆనించి నిలబడిపోయాడు. అత్తయ్యగారు నేల మీద మోకాళ్ళూనారు. నా గ్రూపు, అక్క గ్రూపు ఒకటే. నేను రక్తమిచ్చాను. అక్క బతికింది. నేను ఇచ్చిందొక్కటే కాదు, ఇంకా చాలామందిది ఎక్కించారు. కానీ నాలో మాత్రం అప్పుడే ఒక లెక్క మొదలైంది. అక్కలో నా రక్తముంది, అక్క మీద నాకు హక్కుంది అని.

హన్నాకి ఏడాది నిండాక మెసేజ్ వచ్చింది, మిగతా మూడింటిని ఉంచమంటారా అని. కింద లింకు. నేను ఫోన్ చేసి అడిగాను. "ఉంచమను" అంది అక్క. నొక్కాను. ఓటీపీ వచ్చింది, కొట్టాను. పనైపోయింది. అడగడం, నొక్కడం. అంతే నా ఉద్యోగం.

మరుసటి ఏడు అడగలేదు.

ఏం జరిగిందంటే, అప్పటికి అక్క అత్తయ్యగారికి అంతా చెప్పేసింది, ఇంకా ముగ్గురున్నారని కూడా. నేను కొన్నాళ్ళు సెలవు పెట్టి నాగాయలంక వెళ్ళాను. చెరువు నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్లు తిరిగే చప్పుడు, ఎండుచేపల వాసన, హన్నా బుడిబుడి నడకలు. నేను ఉన్నప్పుడే ఆ ఇంట్లో గృహకూడిక పెట్టుకున్నారు. సాయంత్రం చాపలు పరిచారు, చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చారు. పాటలయ్యాక ఎవరి ప్రార్థన మనవి వాళ్ళు పైకి చెప్పుకోవడం అక్కడి పద్ధతి. ఒకావిడ మోకాళ్ళ నొప్పులంది. ఒకావిడ కొడుకు ఉద్యోగమంది. అత్తయ్యగారు లేచి నిలబడి, చేతులు కట్టుకుని, చాలా మెల్లిగా అన్నారు:

"మాకు చలిలో ముగ్గురు పిల్లలున్నారు. వాళ్ళు కూడా ఇంటికి రావాలని ప్రార్థన చెయ్యండమ్మా."

ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నేను అక్క వైపు చూశాను. అక్క తల దించుకుని హన్నా జడరిబ్బను ముడేస్తోంది. నాకు ఒళ్ళంతా మంట. అందరూ వెళ్ళేదాకా ఎలా ఆగానో తెలీదు. చాపలు చుట్టకముందే మొదలుపెట్టాను.

"అత్తయ్యగారూ, అక్క కడుపు గురించి ఊరందరికీ మనవి చెయ్యడమేంటండీ?"

"ఊరేంటమ్మా, సంఘమే కదా. ముగ్గురు మనవళ్ళ కోసం..."

"మనవళ్ళో మనవరాళ్ళో మీకెలా తెలుసు?"

బావ వాతావరణం తేలిక చేద్దామని, "చట్టం ప్రకారం అది దేవుడు కూడా చెప్పకూడదు మరదలా, జైల్లో ఏసేస్తారు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

"అవి పిల్లలు కాదండీ" అన్నాను. "కణాలు. సూదిమొనంత లేవు. ఫోటో నా ఫోన్‌లోనే ఉంది, చూస్తారా?"

అత్తయ్యగారు కోప్పడలేదు. హన్నా వైపు చూశారు. "అంతే ఉంది కదమ్మా ఇది కూడా అప్పుడు. ఒకదాన్ని ఇంట్లోకి తెచ్చుకుని, తోడబుట్టినవాళ్ళని బయట చలిలో వదిలేస్తే నాకు అన్నం ఎలా సయిస్తది?"

జవాబు లేనప్పుడు నేను గొంతు పెంచుతాను.

"అక్క చచ్చిపోయేది ఆ రోజు! మళ్ళీ పెట్టించుకుంటే ఏమవుద్దో డాక్టర్నడిగారా? మీ ప్రార్థన కాదు, నా రక్తం బతికించింది దాన్ని. దాని శరీరం దానిష్టం!"

అక్క లోపలినుంచి పళ్ళెంలో టీ గ్లాసులు తెచ్చి మధ్యలో పెట్టింది. "చల్లారిపోతున్నాయి, తాగండి" అంది. అంతే. దాని శరీరం గురించి అంత పోట్లాట జరిగితే ఆ శరీరంగల మనిషి అన్నది ఆ రెండు మాటలే. నువ్వేమనుకుంటున్నావే అక్కా అని నేను అడగలేదు. అత్తయ్యగారూ అడగలేదు.

మర్నాడు బస్టాండుకి అక్క వచ్చింది. రొయ్యల పచ్చడి డబ్బా నా ఒళ్ళో పెట్టింది. బస్సు కదలబోతుంటే కిటికీ ఊచ పట్టుకుని, "పెద్దావిణ్ణి అంత మాట అనకుండా ఉండాల్సిందే. రాత్రి అన్నం తినలేదు" అంది.

నేను ఎవరి కోసం పోట్లాడాను? నన్నే తప్పు పడుతుందా? మొహం తిప్పేసుకున్నాను. అక్క చెయ్యి ఊపుతూనే ఉండడం బస్సు పక్క అద్దంలో కనిపించింది.

అవనిగడ్డ దాటాక ఫోన్ మోగింది. మెసేజ్. ఏటా వచ్చేదే. మిగిలిన మూడింటిని ఉంచమంటారా, తీసేయమంటారా. లింకు. ఒళ్ళో డబ్బా మూత సందులోంచి పచ్చడి నూనె కారి నా వేళ్ళకంటింది. ఎడంచేత్తో తుడుచుకుంటూ కుడి బొటనవేలితో నొక్కాను.

తీసేయండి.

ఖాయమేనా? అవును. ఓటీపీ వచ్చింది. కొట్టాను. మోపిదేవి రాకముందే అయిపోయింది.

అక్కకి ఫోన్ చెయ్యొచ్చు కదా అని మీరడుగుతారు. సిగ్నల్ సరిగా లేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఓటీపీ వచ్చిన ఫోన్‌కి సిగ్నల్ లేకపోవడమేంటి?

ఇక్కడిదాకా అయితే కోపంలో చేసిన పని అనొచ్చు. ఈ నాలుగేళ్ళూ నేను మనసులో ఎన్నిసార్లు ఒప్పుకున్నా ఇక్కడే ఆపేసేదాన్ని. కోపం నా జబ్బు, చిన్నప్పట్నుంచీ ఉన్నదే, ఏం చెయ్యను అని. ఇవాళ కూడా ఇక్కడే ఆపేద్దామనుకున్నాను. వేలు కూడా ఆగింది. కానీ ఇక్కడ ఆపితే ఇది ఒప్పుకోలు కాదు, ఇంకో అబద్ధం.

బందరులో బస్సు దిగి రైలెక్కాను. మధ్యాహ్నానికి గుడివాడ చేరింది. రైలు అక్కడ కాసేపు ఆగింది. ప్లాట్‌ఫాం మీద దిగి నీళ్ళ సీసా కొనుక్కున్నాను. అప్పటికి నా కోపం పూర్తిగా చల్లారిపోయింది. ఇది గుర్తుపెట్టుకోండి. చల్లారిపోయింది. చిన్నప్పుడు ఇదే ప్లాట్‌ఫాం మీద రైలు ఎప్పుడు కదులుతుందా, అక్కని ఎప్పుడు చూస్తానా అని గెంతులేసిన రోజులు గుర్తొస్తున్నాయి కూడా. ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి ఒకమ్మాయి. గొంతు చాలా మర్యాదగా ఉంది.

"నమస్తే మేడమ్. సునీత గారేనాండీ?"

నేను నీళ్ళ సీసా మూత తిప్పుతున్నాను. బాగా గుర్తుంది.

"అవునండీ."

"మీరు తీసేయమని పెట్టారు కదండీ. ఒకసారి చేశాక ఇంక వెనక్కి రావండీ, అందుకని కన్ఫర్మ్ చేస్తున్నాం. బాగా ఆలోచించుకున్నారా మేడమ్? సార్‌కి కూడా తెలుసు కదండీ?"

"తెలుసండీ. ఆలోచించుకున్నాం."

"పోనీ సాయంత్రంలోపు చెప్పినా పర్లేదండీ."

"అక్కర్లేదమ్మా. ఇంతే."

ఇదండీ నేను మోస్తున్నది. బస్సులో నొక్కింది కాదు, ప్లాట్‌ఫాం మీద పలికింది. కోపం లేదు. తొందర లేదు. సాయంత్రందాకా గడువు కూడా ఇచ్చింది ఆ అమ్మాయి. వాళ్ళు ఇంకాస్త గట్టిగా అడగాల్సింది, సంతకాలు చూడాల్సింది అని వాళ్ళ మీదకి తోసేద్దామని చాలాసార్లు చూశాను. తోస్తే పోయేదా? ఒక మనిషి పేరు పెట్టి నువ్వేనా అని అడిగితే, నేనే అన్నది నేను. ఎందుకన్నాను? అక్కని కాపాడుతున్నాననుకున్నాను, నిజం. అత్తయ్యగారి మీద గెలవాలనుకున్నాను, అదీ నిజం. ఆ రెండింటి కింద ఇంకోటి కూడా ఉంది, రాయడానికి సిగ్గుగా ఉంది. సైకిల్ మీద నన్ను తప్ప ఎవర్నీ ఎక్కించుకోని అక్కని వాళ్ళందరూ పంచుకుంటున్నారు. ఇంకా ముగ్గురు రావాలా?

కొన్నాళ్ళాగి అక్కకి ఫోన్ చేశాను. వాటంతట అవే బతకలేదట, ఆసుపత్రి వాళ్ళు చెప్పారు అన్నాను. అవతల స్పీకర్ ఆన్‌లో ఉంది. బావే మొదట అన్నాడు.

"పోనీలే మరదలా. హేచరీ నుంచి సీడ్ తెస్తాం, సంచి విప్పితే అన్నీ ఈదుతాయా? అడుగున కొన్ని తెల్లగా పడుంటాయి. ఎందుకు చచ్చినయ్యని ఎవర్నడుగుతాం?"

అందుకే నా అబద్ధం బతికింది. రొయ్యపిల్లల్ని పెంచే ఇంట్లో, బతకని వాటి గురించి ఆరా తియ్యరు. ఒక్క ఫోన్ చేసి ఉంటే నేను దొరికిపోయేదాన్ని. ఎవరూ చెయ్యలేదు.

తర్వాత హన్నా పుట్టినరోజుకి వెళ్ళాను. అక్క అరుగు మీద కూర్చుని హన్నాకి తల దువ్వుతోంది. నేను ఫోన్ చూసుకుంటున్నాను, చూస్తున్నట్టు నటిస్తున్నాను. అక్క దువ్వెన ఆపకుండానే అంది:

"నేనింకా ఏమీ అనుకోలేదే."

"దేని గురించి?"

"వాళ్ళ గురించే. కావాలని లేదు. వద్దనీ లేదు. పొద్దున వంట చేసుకుంటూ ఇంకొకళ్ళుంటే బాగుండుననిపించేది. సాయంత్రానికి ఆ రక్తం గుర్తొచ్చి భయమేసేది. ఎవరన్నా పిల్లల్లేనోళ్ళకి ఇస్తే ఎలా ఉంటదా అని కూడా అనుకునేదాన్ని. మీ బావకీ చెప్పలేదు, అత్తయ్యకీ చెప్పలేదు. నాకంటూ అనుకోవడానికి ఒకటి ఉండేది. ఇప్పుడు అనుకోవడానిక్కూడా ఏం లేదు."

నేను ఏడ్చేశాను. ఆపుకోలేనంతగా. అక్క దువ్వెన పక్కన పెట్టి నన్ను దగ్గరకి తీసుకుంది. "నువ్వెందుకే ఏడుస్తావు సీమటపాకాయ్, నువ్వేం చేశావు?" అని వీపు నిమిరింది. నేనేం చేశానో చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఈ జన్మలో రాదు. నోరు తెరవలేదు. ఆ చెయ్యి కింద అలాగే ఉండిపోయాను. ఎంత హాయిగా ఉందో కూడా చెప్పాలి. హాయిగానే ఉంది. అది కూడా దొంగిలించిందే.

మీరు అడక్కముందే చెప్తాను. అవి ప్రాణాలా కాదా అని నన్నడిగితే నాకిప్పటికీ తెలీదు. ఫోన్‌లో ఎంత వెతికానో. డాక్టర్లు ఒకటంటారు, పాస్టర్లు ఒకటంటారు, ప్రతి దేశంలో ఒక చట్టం. కామెంట్లలో ముక్కూమొహం తెలీనివాళ్ళతో గంటలకొద్దీ పోట్లాడాను. ఆడదాని శరీరం ఆడదానిదే అని ఇప్పటికీ అంటాను. అందులో మార్పు లేదు. కానీ ఆ మాట అత్తయ్యగారి మొహాన అరిచి, మర్నాడే అక్క బదులు నేను నిర్ణయించేశాను. ఆవిడ నయం. ఆవిడ దేవుణ్ణి అడిగారు, సంఘాన్ని అడిగారు. నేనెవర్నీ అడగలేదు.

అత్తయ్యగారు ఆ తర్వాత మనవులు చెప్పడం మానేశారు. కూడికలో అందరి వంతూ అయి తన వంతు వస్తే తల అడ్డంగా ఊపుతారు. ఈ వేసవిలో వెళ్ళినప్పుడు నేనూ ఆవిడా కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాం. ఉన్నట్టుండి అన్నారు:

"ఆ రోజు నువ్వన్నదే నిజం తల్లీ. నలుగుర్లో పెట్టకూడని మాట పెట్టాను. దిష్టీ అదీ నమ్మకూడదంటారు మన పాస్టరయ్యగారు. కానీ తగిలిందమ్మా. నా నోరే తగిలింది వాళ్ళకి."

ఫోన్ తీసుకుని లేచి వెళ్ళిపోయాను. ఎవరో చేసినట్టు చెవికి పెట్టుకుని పెరట్లో నిలబడ్డాను. డెబ్భై దాటిన మనిషి నా పాపాన్ని తనదనుకుని మోస్తోంది, నేను మోగని ఫోన్‌తో మాట్లాడుతున్నాను.

ఆ సాయంత్రమే బావ తాటికాయలు తెచ్చాడు. హన్నాకి ఆరేళ్ళు. చేతిలో కాయ పట్టుకుని నా ఒళ్ళోకొచ్చి కూర్చుంది. కసిగా పొడుస్తోంది. కోపం అచ్చం నాదే, ఎలా వచ్చిందో. నేను దాని వేలు పట్టుకుని, తడిమి చూడు, మెత్తగా తగిలిన చోట ఆగు అని నేర్పిస్తున్నాను. అది ఆగింది. ఆగి అడిగింది:

"పిన్నీ, నేను సగ్గుబియ్యమంత ఉన్నప్పుడు నలుగురం ఉండేవాళ్ళమంట కదా. అమ్మ చెప్పింది."

"ఊఁ."

"మరి నన్నే ఎందుకు తీశారు?"

నాకు తెలీదు నాన్నా అన్నాను. నిజంగానే తెలీదు. ఆ రోజు ల్యాబులో ఎవరో నాలుగింటిలో ఒకటి ఎంచారు. పక్కదాన్ని ఎంచి ఉంటే ఈ ముక్కు, ఈ కోపం, నా ఒళ్ళో ఈ బరువు ఆ చలిలో ఉండేవి. పచ్చడి నూనె తుడుచుకుంటూ నేను నొక్కిన గడిలో ఉండేవి. దాని స్థానంలో ఇంకెవరో కూర్చుని ముంజ తింటూ ఇదే ప్రశ్న అడిగేవారు. అది ప్రాణమా కాదా అన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదంటే, కారణం ఇదే. ఆ ప్రశ్నే నా ఒళ్ళో కూర్చుని నా చొక్కా మీద నీళ్ళు చిమ్ముతోంది.

దానికి కోపం పోయింది. మెల్లిగా నొక్కింది. ముంజ చక్కగా వచ్చింది. "వచ్చింది పిన్నీ!" అని అరిచింది.

అక్కకి చెప్తానా? అత్తయ్యగారికి చెప్తానా? ఇది పూర్తవగానే చెప్తానని మీకు మాటివ్వను. నా మాట విలువ మీరిప్పటికే చూశారు. చెప్తే అక్క నన్ను క్షమిస్తుందేమో. దానికంటే పెద్ద భయం లేదు నాకు. మీకు చెప్పాక తేలికైందా అంటే, కాస్త. నాలుగేళ్ళుగా గుడివాడ ప్లాట్‌ఫాం మీద అలాగే నిలబడి ఉన్నాను, చేతిలో నీళ్ళ సీసాతో, చెవి దగ్గర ఫోన్‌తో. ఆ అమ్మాయి ఇంకా అడుగుతూనే ఉంది, సునీత గారేనాండీ అని.

కాదండీ. నేను వాళ్ళ చెల్లెల్ని. ఒక్క నిమిషం ఉండండి, అక్కనడిగి చెప్తాను.